సాగదీయకుండా కాన్వాస్ ఫొటోని పలక మీద అతికించడం ఎలా?

"ట్యూబులో చుట్టి పంపించారండీ. ఇప్పుడు దీన్నేం చెయ్యాలి?"

సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి నన్ను అడిగేవాళ్లందరిదీ ఇదే మాట. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో పెళ్లి ఫొటో, షష్టిపూర్తి ఫొటో కాన్వాస్ మీద ప్రింటు వేయించి పంపేస్తారు. అది బీరువా మీద దుమ్ము కొట్టుకుంటూ ఉంటుంది. పటం కట్టే షాపుకి తీసుకెళ్తే "నాలుగు వైపులా రెండేసి అంగుళాల బట్ట ఉండాలి, మీ దానికి లేదు" అని తిప్పి పంపిస్తారు. ఆ మాట నిజమే. నాలుగు కర్రల చట్రం మీద కాన్వాస్ లాగి, వెనక్కి మడిచి స్టేపుల్ కొట్టాలంటే అంత బట్ట కావాలి. లేకపోతే ఫొటోలో చివర నిలబడ్డ మేనత్త సగం పక్కకి మడతపడి పోతుంది.

బట్ట ఉన్నా నేను అన్నిటికీ లాగమని చెప్పను. మడత దగ్గర రంగు పగుళ్లు తీస్తుంది. లాగడంలో ఒక పక్క బలం ఎక్కువైతే గీతలు వంకరపోతాయి. రాజమండ్రి హేవలాక్ వంతెన ఫొటో ఒకటి ఇలాగే లాగించి చూశాను. 1900 నుంచి నిటారుగా నిలబడ్డ వంతెన నా గోడ మీద విల్లులా వంగింది. పైగా మన డెల్టా గాలికి చట్రం కర్ర వంకరపోతుంది, వానాకాలంలో కాన్వాస్ వదులై మధ్యలో జారుతుంది. గట్టి పలక మీద అతికించేస్తే లాగుడూ లేదు, జారుడూ లేదు.

మొదలుపెట్టే ముందు ఒక్క హెచ్చరిక. అతికించాక మళ్లీ ఊడదీయడం ఉండదు. అందుకని మళ్లీ ప్రింటు వేయించుకోగలిగిన వాటికే ఇది చెయ్యండి. చిత్రకారుడు చేత్తో వేసిన బొమ్మకి గానీ, తాతగారి కాలం నాటి అసలు ఫొటోకి గానీ జిగురు తగలనివ్వకండి. పాత ఫొటో అయితే స్కాన్ చేయించి కొత్త ప్రింటు తీయించి, దాన్ని అతికించండి.

ఏమేం కావాలి

ఇక్కడ చెప్పే కొలతలన్నీ 24 × 36 అంగుళాల ఫొటోకి. మీది చిన్నదైతే తగ్గించుకోండి.

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది పలక గురించే. మామూలు ఎమ్‌డీఎఫ్ చవక, నున్నగా ఉంటుంది, చూడగానే మనసు పారేసుకుంటాం. నేనూ పారేసుకున్నాను. భీమవరంలో మా పిన్నిగారి సావిట్లో ఒకటి పెట్టాను. శ్రావణ మాసం వచ్చేసరికి దాని కింది అంచు నానబెట్టిన అటుకుల్లా ఉబ్బింది. ఎమ్‌డీఎఫ్ అంటే నొక్కి గట్టిపరచిన కర్రపీచు, అంచు నుంచి నీరు తాగేస్తుంది. చెయ్యక తప్పదంటే హెచ్‌డీహెచ్‌ఎమ్‌ఆర్ అడగండి. అది చెమ్మకి కొంత ఎక్కువ ఓర్చుకుంటుంది. నా ఓటు మాత్రం వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్‌కే. ఐఎస్ 710 ముద్ర ఉన్నది, 12 మి.మీ. మందం. ఈ కొలతకి నాలుగు కిలోల పైచిలుకు బరువు తూగుతుంది. కొనేటప్పుడు పలక నేల మీద పరిచి, నాలుగు మూలలూ నేలకి ఆనుతున్నాయో లేదో అక్కడే చూసుకోండి. షాపులోనే వంగి ఉన్న పలక మీ ఇంటికొచ్చి తిన్నగా అవదు.

జిగురు తెల్లదే, వడ్రంగులు వాడేది. ఏ కంపెనీదైనా మనం ఫెవికాల్ అనే అంటాం కదా, అదే. నీటికి ఓర్చుకునే రకం దొరికితే ఇంకా మంచిది. ఈ కొలతకి 100 గ్రాములు సరిపోతుంది, వెనక వైపుకి ఇంకో 100. పసుపుపచ్చగా ఘాటు వాసన కొట్టే రబ్బరు జిగురు, అదే సన్‌మైకాకి వాడేది, వద్దు. తగిలిన చోటే పట్టేస్తుంది, సర్దుకోడానికి క్షణం ఇవ్వదు, ఏళ్లు గడిస్తే పచ్చబడుతుంది. మైదా ఉడికించిన జిగురూ వద్దు. పుస్తకాలు కుట్టేవాళ్లు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపేవారు. మన ఇళ్లలో మైలుతుత్తం లేని మైదా జిగురంటే బొద్దింకలకి భోజనం పెట్టినట్టే.

మిగతావి: పెయింటు వేసే చిన్న స్పాంజి రోలరు, ఒక రబ్బరు రోలరు (లేకపోతే చపాతీ కర్రకి మెత్తటి బట్ట చుట్టుకోండి), కొత్త బ్లేడు వేసిన కట్టరు, స్టీలు స్కేలు, ఉప్పుకాగితం, బేకరీల్లో వాడే బట్టర్ పేపరు, సూది, పెన్సిలు, వెనక అతికించడానికి గోధుమరంగు క్రాఫ్ట్ పేపరు, తడిగుడ్డ. బరువుకి రెండు 25 కిలోల బియ్యం బస్తాలు. నవ్వకండి. పుస్తకాలూ ఇటుకలూ ఒక్కో చోటే నొక్కుతాయి. బియ్యం బస్తా పలకంతా సర్దుకుని కూర్చుంటుంది. బస్తాలు లేని ఇల్లు మన వైపు ఎక్కడుంది గనక.

ఎప్పుడు చెయ్యాలి

మాఘం నుంచి చైత్రం దాకా మంచి రోజులు. ముసురు పట్టిన రోజున మొదలుపెట్టకండి, జిగురు ఆరడానికి రెండింతలు పడుతుంది. రోహిణి కార్తె మధ్యాహ్నం కూడా వద్దు. అప్పుడు పలక మీద జిగురు పరిచేలోపే పైపొర కట్టేస్తుంది. ఎండల్లో చెయ్యాల్సి వస్తే తెల్లారి ఆరింటికి కూర్చోండి.

పని

1. ట్యూబులోంచి తీసి ఒక రోజు ఆరనివ్వండి. బొమ్మ పైకి ఉండేలా శుభ్రమైన దుప్పటి మీద పరిచి, నాలుగు అంచుల మీదా స్కేళ్లు పెట్టండి. అంచులు లేస్తుంటే ఉన్న చుట్టకి ఎదురుగా, వదులుగా ఓ గంట చుట్టి ఉంచండి. గట్టిగా మడతపెడితే రంగు పగులుతుంది. కొత్తగా ఫ్లెక్సు షాపులో వేయించిన ప్రింటు అయితే ఇంకు వాసన పోయేదాకా, అంటే ఒకటి రెండు రోజులు, ఆగాలి. లేకపోతే ఆ వాసన జిగురు కింద చిక్కుకుని బుడగలు తెస్తుంది.

2. రంగు కారుతుందేమో చూడండి. తెల్లటి దూదిని తడిపి, బొమ్మ అంచున ముదురు రంగు ఉన్న చోట మెల్లగా అద్దండి. దూదికి రంగు అంటితే ఆగిపోండి. ముందు కాన్వాస్‌కి వాడే పారదర్శక వార్నిష్ రెండు పల్చటి పూతలు వేసి, రాత్రంతా ఆరనివ్వాలి. ప్రింటు వేసిన షాపువాళ్లనే అడిగితే వాళ్లే పూసి ఇస్తారు.

3. పలక కోయించండి. బొమ్మ కొలత కన్నా ప్రతి వైపూ 2 మి.మీ. తక్కువ. ఈ కాస్త తగ్గింపు వల్లే చివర్లో తెల్ల అంచు కనపడకుండా పోతుంది. కోయించాక రెండు మూలల మధ్య అడ్డంగా కొలవండి, తర్వాత మిగతా రెండు మూలల మధ్య. 24 × 36 పలకకి రెండూ దాదాపు 43 అంగుళాల పావు వస్తాయి. ఎంత వచ్చినా రెండూ ఒకటే రావాలి. తేడా ఉంటే పలక ఐమూలగా పోయినట్టు. అప్పుడు వెనక్కి ఇచ్చేసి మళ్లీ కోయించండి, మొహమాటపడకండి.

మీ ప్రింటుకి బొమ్మ చుట్టూ తెల్లబట్ట అసలే లేదా? అయితే తిరగేసి చెయ్యండి. పలక ప్రతి వైపూ ఒక అంగుళం పెద్దది తీసుకుని, ఆ అంగుళం పట్టీ మటుకు నల్లరంగు వేసి ఆరబెట్టి, మధ్యలో ఫొటో అతికించండి. అంచు కోసే పనే ఉండదు.

4. పలకని సిద్ధం చెయ్యండి. ఉప్పుకాగితంతో రెండు వైపులా రుద్ది, అంచులు కొద్దిగా గుండ్రం చేసి, దుమ్ము తడిగుడ్డతో తుడిచెయ్యండి. ఒక్క ఇసుక రేణువు మిగిలినా రేపు ఫొటోలో పెళ్లికొడుకు బుగ్గ మీద మొటిమై కూర్చుంటుంది. అంచులకి నల్లటి పెయింటు రెండు పూతలు వెయ్యండి. అందానికీ పనికొస్తుంది, చెమ్మనీ ఆపుతుంది. అది ఆరాక, సగం జిగురు సగం నీళ్లు కలిపి రెండు ముఖాల మీదా పల్చగా పూసి ఆరబెట్టండి. ఈ పూత లేకపోతే అసలు జిగురుని కర్ర తాగేస్తుంది, అక్కడక్కడ కాన్వాస్ పట్టదు.

5. గుర్తులు పెట్టండి. ఇక్కడే చాలామంది తడబడతారు. కాన్వాస్ తిరగేస్తే బొమ్మ అంచు ఎక్కడుందో కనపడదు కదా. బొమ్మ నాలుగు మూలలకీ సరిగ్గా బయట, తెల్లబట్ట మీద, సూదితో గుచ్చండి. వెనక వైపు ఆ నాలుగు చుక్కల్నీ పెన్సిలుతో కలపండి. పలక ఆ గీతలకి లోపల, అన్ని వైపులా సమంగా 2 మి.మీ. వదిలి కూర్చోవాలి. జిగురు లేకుండా ఒకసారి ఉత్తుత్తినే పరిచి చూసుకోండి. ఇద్దరు చేస్తుంటే ఎవరు ఏ అంచు పట్టుకోవాలో ఇప్పుడే అనుకోండి. జిగురు రాశాక మొదలయ్యే "అటు లాగు, ఇటు లాగు" వల్ల సంసారాలే చెడతాయి.

6. ముందు వీపు, తర్వాత ముఖం. పలక వెనక వైపు జిగురు రాసి క్రాఫ్ట్ పేపరు అతికించండి. దీన్ని ఎవరూ లెక్కచెయ్యరు, పలకలు వంగిపోయేదీ ఇందుకే. తడి జిగురు ఆరుతూ ముడుచుకుంటుంది. ఒక్క వైపే ఉంటే పలకని ఆ వైపుకి లాగేస్తుంది. రెండు వైపులా ఉంటే రెండు లాగుళ్లూ సరిపోతాయి. కాగితం అతికాక పలక తిప్పి, కింద బట్టర్ పేపరు వేసి, వెంటనే ముఖం పని మొదలుపెట్టండి.

7. జిగురు పలకకే రాయండి, కాన్వాస్‌కి రాయకండి. తడిసిన బట్ట పరిమాణం మారుతుంది. స్పాంజి రోలరుతో తమలపాకుకి సున్నం రాసినట్టు పల్చగా, సమంగా పరచండి. కర్ర రంగు లీలగా కనపడాలి. తెల్లగా మేటలు వేసి ఉంటే ఎక్కువైనట్టు. అంచుల దగ్గర మాత్రం పొడిబారకుండా చూడండి, ఊడటం ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది. ఫ్యాను ఆపెయ్యండి. ఈ పని నుంచి తర్వాతి మెట్టు దాకా పది నిమిషాల్లో అయిపోవాలి.

8. పరచండి. కాన్వాస్‌ని బొమ్మ లోపలికి వచ్చేలా ట్యూబుకి వదులుగా చుట్టి, ఒక పొట్టి అంచు నుంచి మొదలుపెట్టండి. మొదటి రెండంగుళాలు గుర్తులకి సరిపెట్టి వేళ్లతో నొక్కండి. ఒకరు ట్యూబు విప్పుతూ ఉంటే రెండోవారు బట్టర్ పేపరు మీదుగా రబ్బరు రోలరు నడపాలి. మధ్య నుంచి అంచులకి, ఎప్పుడూ అంతే. అంచుల నుంచి మధ్యకి తోస్తే గాలి పోయే దారి లేక బుడగై నిలబడుతుంది. బట్టని లాగకండి. లాగితే ఇంత కష్టపడి మళ్లీ చట్రం దగ్గరికే వచ్చినట్టు.

ఒక్కరే చేస్తున్నారా? కాన్వాస్ పలక మీద సర్ది, సగం మీద బరువు పెట్టండి. రెండో సగాన్ని మడత పడకుండా వెనక్కి వాల్చి, ఆ సగం పలకకే జిగురు రాసి అతికించండి. తర్వాత ఇటు సగం.

9. టార్చి వేసి చూడండి. గదిలో లైటు ఆపి, ఫోను టార్చిని పలక పక్కనుంచి ఏటవాలుగా వెయ్యండి. బుడగలు నీడలతో సహా దొరికిపోతాయి. మొదటి పదిహేను నిమిషాల్లో అయితే దగ్గరి అంచు వైపు తోసెయ్యొచ్చు. ముందువైపు అంటిన జిగురుని వెంటనే తడిగుడ్డతో అద్దండి, రుద్దకండి.

10. బరువు పెట్టండి. పైన కొత్త బట్టర్ పేపరు, దాని మీద ఇంకో చదును పలక, ఆ పైన బస్తాలు. బస్తాని నేరుగా ఫొటో మీద పెడితే గోనె కుట్టు అచ్చు పడుతుంది. నాలుగు గంటలయ్యాక ఒకసారి తీసి, బట్టర్ పేపరు బదులు పొడి తెల్లకాగితం మార్చండి, తడి పోవడానికి. వార్తాపత్రిక వద్దు, అక్షరాలు అంటుతాయి. పొద్దుటికి బస్తాలు దించి, పలకని రెండు వైపులా గాలి తగిలేలా ఇంకో రోజు నిలువుగా ఉంచండి. గోడకి ఏటవాలుగా చేరేస్తే వంగుతుంది. వానలైతే మరో రోజు కలుపుకోండి.

11. అంచు కోయండి. పూర్తిగా ఆరాకే. ఫొటో బోర్లా, కింద అట్ట వేసి, కొత్త బ్లేడుని పలక అంచుకి ఆనించి నడపండి. ఒక్క గట్టి కోతకన్నా మూడు తేలిక కోతలు మేలు. బ్లేడు మొండిదైతే దారాలు లేస్తాయి. లేచిన దారాలకి చిటికెనవేలితో చుక్క జిగురు అద్ది నొక్కండి. లాగి పీకకండి.

బాగా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

వేలి గోటితో పలకంతా తట్టుకుంటూ రండి. కొబ్బరికాయని తట్టి ముదిరిందో లేదో చెప్పే చెవులు మనవి. అతికిన చోట గట్టి చప్పుడు, అతకని చోట బోలు చప్పుడు. తేడా మీకే తెలిసిపోతుంది. తర్వాత స్టీలు స్కేలుని పొడుగునా నిలబెట్టి కింద సందు చూడండి. 2 మి.మీ. లోపు ఉంటే గోడ మీద కనపడదు. అంతకన్నా ఎక్కువ వంగితే, వంపు పైకి ఉండేలా పెట్టి బస్తాలతో రెండు రోజులు నొక్కండి. చాలాసార్లు దారికొస్తుంది.

బోలు చప్పుడు వచ్చిన చోట ఏం చెయ్యాలి? తెల్ల జిగురు ఎండినా వేడికి మళ్లీ మెత్తబడుతుంది, అదే మన అదృష్టం. ఇస్త్రీపెట్టె తక్కువ వేడి మీద, బట్టర్ పేపరు వేసి పది సెకన్లు ఆనించి, వెంటనే చల్లటి స్టీలు గిన్నె అడుగుతో నొక్కి పట్టుకోండి. కానీ ముందు కోసిన అంచు ముక్క మీద చేసి చూడాలి. పాలియెస్టరు కాన్వాస్ అయితే వేడికి ముడుచుకోవచ్చు, వార్నిష్ కాగితానికి అంటుకోవచ్చు. అలా అయితే ఇస్త్రీ మానేసి, సన్న సూది సిరంజితో ముదురు రంగు ఉన్న చోట గుచ్చి, నీళ్లు కలిపిన జిగురు చుక్క ఎక్కించి బరువు పెట్టండి. జుట్టు, చెట్లు, నీడలు ఉన్న చోట గుచ్చితే కనపడదు. ఆకాశంలో గుచ్చితే మచ్చే.

ఏసీపీ లేదా సన్‌బోర్డు మీద

బరువు వద్దు, కర్రే వద్దు అనుకునేవాళ్లకి, అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లవాళ్లకి ఇది మంచి దారి. 3 మి.మీ. ఏసీపీ అంటే రెండు అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్కు. చెమ్మకి ఉబ్బదు, చెద పట్టదు. కానీ దాని మీద తెల్ల జిగురు పనికిరాదు. రేకు నీరు పీల్చదు, జిగురు పట్టు దొరక్క పొరలాగా లేచివస్తుంది. స్టిక్కరు షాపుల్లో దొరికే రెండువైపులా గమ్ ఉండే షీటు, మందపాటిది, తీసుకోండి. కాన్వాస్ నేత గరుకు కాబట్టి పల్చటి షీటు గుంతల్లోకి దిగదు, నెలలోపే ఊడుతుంది.

ఏసీపీ మీద అంటి వచ్చే ప్లాస్టిక్ పొర ముందు పీకెయ్యండి. దాని మీదే అతికించేసి, పటం మొత్తం పొరతో సహా ఊడి వచ్చిందని మొత్తుకున్నవాళ్లు నాకు ముగ్గురు తెలుసు. స్పిరిట్‌తో తుడిచి, షీటుని ఏసీపీ మీద స్క్వీజీతో, అదే స్టిక్కర్లు నొక్కి పరిచే చదును ప్లాస్టిక్ బిళ్లతో, పరచండి. పైకాగితం రెండంగుళాలు మాత్రమే విప్పి, అక్కడ కాన్వాస్ సరిపెట్టి నొక్కి, మిగతా కాగితం కిందనుంచి లాగుతూ పైనుంచి స్క్వీజీ నడపండి. ఇది తగిలిందంటే పట్టేసినట్టే, సర్దుబాటు లేదు. ఒక రోజు ఆగితే పట్టు పెరుగుతుంది. సన్‌బోర్డు అంటే తేలికపాటి నురగ ప్లాస్టిక్కు పలక. 5 మి.మీ. మందం ఉన్న దానికీ ఇదే పద్ధతి. రెండడుగులు దాటితే మాత్రం అది వంగుతుంది, పెద్ద ఫొటోలకి నేను సలహా ఇవ్వను.

జిగురే వద్దంటే

అద్దె ఇల్లు, నెలకో ఊరు మారే ఉద్యోగం అయితే పాతకాలపు క్యాలెండరు పద్ధతే హాయి. పైనా కిందా రెండేసి సన్న కర్ర పట్టీలు, మధ్యలో కాన్వాస్, స్క్రూలు బిగించి తాడు కట్టడమే. కింది కర్ర బరువే కాన్వాస్‌ని నిటారుగా ఉంచుతుంది. వానాకాలంలో పక్క అంచులు కాస్త అలలు తిరుగుతాయి. అది ఓర్చుకోగలిగితే పది నిమిషాల పని.

గోడకి ఎక్కించేటప్పుడు

పలక వెనక పైనుంచి మూడో వంతు దిగువన రెండు వైపులా రింగులు బిగించండి. 12 మి.మీ. పలకకి స్క్రూ పొడవు 10 మి.మీ. దాటకూడదు, దాటితే ఫొటోలోంచి మొన బయటికొస్తుంది. మామూలు ఇనుప స్క్రూలు ఉప్పుగాలికి తుప్పు పట్టి గోడంతా ఎర్రగా కారతాయి. స్టెయిన్‌లెస్ స్టీలువే కొనండి.

నాలుగు మూలలా సీసా మూత మందం రబ్బరు బిళ్లలు అతికిస్తే పటానికీ గోడకీ మధ్య గాలి ఆడుతుంది. ఇది లేకపోతే వెనక బూజు పడుతుంది, పైగా పటం తీసినప్పుడే మీకు తెలుస్తుంది. వాన జల్లు కొట్టే బయటి గోడకి, బాత్రూము గోడకి, సున్నం పేలి ఉప్పు పూసిన గోడకి తగిలించకండి. అరచెయ్యి ఆనించి చూడండి. చల్లగా, కాస్త జిగటగా తగిలితే ఆ గోడ వద్దు, లోపలి గోడ చూసుకోండి. నేరుగా ఎండ పడే చోటా వద్దు, రంగు వెలిసిపోతుంది.

దుమ్ము పొడిగుడ్డతో దులపండి చాలు, తడిగుడ్డ వద్దు. కోసిన అంచు ముక్కలు పారెయ్యకుండా ఒక కవరులో వేసి పటం వెనకే టేపుతో అంటించి పెట్టండి. ఎప్పుడైనా ఒక మూల లేస్తే, ఇస్త్రీపెట్టె వేడి చూసుకోడానికి మళ్లీ అవే కావాలి.